అతిమధురం సారం: ఏది కొనాలి, ఎంత వేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. కొంతకాలంగా ఇంట్లోనే సబ్బులు, క్రీములు చేసి బంధువులకు, స్నేహితులకు ఇస్తున్నాను. ఇప్పుడు అతిమధురంతో ముఖానికి క్రీము చేయాలని ఉంది. హైదరాబాద్ బేగంబజార్ నుంచి వేరు తెప్పించి, కషాయం కాచి కలిపితే తేడా ఏమీ కనిపించలేదు. తర్వాత ఆన్‌లైన్‌లో 'అతిమధురం ఎక్స్‌ట్రాక్ట్, 20 శాతం' అనే గోధుమరంగు పొడి కొని నూటికి ఐదు పాళ్లు వేశాను. క్రీము ముదురు గోధుమరంగుకు తిరిగింది. విటమిన్ ఇ వేసినా రెండు వారాలకే పైన నల్లటి చుక్కలు వచ్చాయి. ఒక అమ్మకందారు 'గ్లాబ్రిడిన్ 40' కొనమంటున్నారు, దాని ధర వింటే కళ్లు తిరిగాయి. ఇంకొకరు డైపొటాషియం గ్లైసిరైజేట్ చాలంటున్నారు. మా వదినకు మంగుమచ్చలు ఉన్నాయి, ఆమె కోసమే ఇదంతా మొదలుపెట్టాను. కుదిరితే తర్వాత అమ్మాలని కూడా ఉంది. వీటిలో ఏది కొనాలి?

సమాధానం: ముందుగా డైపొటాషియం గ్లైసిరైజేట్ (అతిమధురంలోని తీపి పదార్థం నుంచి చేసే పొటాషియం లవణం) చిన్న ప్యాకెట్ ఒకటి కొనండి. గ్లాబ్రిడిన్ ఇప్పుడే వద్దు. తర్వాతెప్పుడైనా కొంటే ఎలా వాడాలో కింద చెబుతాను. గోధుమరంగు పొడిని ముఖానికి పూసే క్రీముల్లో వాడటం మానేయండి. ఎందుకో తెలియాలంటే ఆ వేరులో ఏముందో కొంత చూడాలి.

అతిమధురం వేరులో మనకు పనికొచ్చే పదార్థాలు రెండు తెగలు. ఒకటి నీటిలో కరిగేది: గ్లైసిరైజిన్. వేరుకు ఆ తీపి దాని వల్లే వస్తుంది. రెండోది నీటిలో దాదాపు కరగనిది, నూనెల్లో, ఆల్కహాల్‌లో, గ్లైకాల్స్ అనే చిక్కటి ద్రవాల్లో కరిగేది: గ్లాబ్రిడిన్, దాని తోటి ఫ్లేవనాయిడ్లు. ఇందులో గ్లాబ్రిడిన్ ఎండువేరు బరువులో అర శాతం కూడా ఉండదు. మీరు కషాయం కాచినప్పుడు తీపి అంతా నీటిలోకి దిగింది. మచ్చల మీద పనిచేస్తుందని మీరు ఆశపడిన గ్లాబ్రిడిన్ మాత్రం, మీరు వడకట్టి పారేసిన పిప్పిలోనే ఉండిపోయింది. అందుకే తేడా కనిపించలేదు. మీరు కాచిన తీరులో లోపం లేదు.

ఈ రెండూ చేసే పనులు కూడా వేరు. గ్లైసిరైజిన్, దాని నుంచి వచ్చే గ్లైసిరెటినిక్ ఆమ్లం మంటను, ఎర్రదనాన్ని తగ్గిస్తాయి. మన ఒంట్లో సహజంగా ఉండి మంటను అణచే కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైమును గ్లైసిరెటినిక్ ఆమ్లం అడ్డుకుంటుంది. చర్మానికి ఉపశమనం కలగడానికి ఇదొక కారణం. జపాన్‌లో డైపొటాషియం గ్లైసిరైజేట్‌ను క్వాసీ డ్రగ్స్ అనే ప్రత్యేక తరగతి ఉత్పత్తుల్లో, వాపు తగ్గించే క్రియాశీల పదార్థంగా ఎంతో కాలంగా వాడుతున్నారు. గ్లాబ్రిడిన్ దారి వేరు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది. 1998లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అతినీలలోహిత కిరణాలతో గినీపందుల చర్మం మీద తెప్పించిన నలుపును 0.5 శాతం గ్లాబ్రిడిన్ తగ్గించింది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను. ఈ వేరులోనే ఉండే లిక్విరిటిన్ అనే మరో పదార్థంతో 2000లో ఈజిప్టు వైద్యులు మంగు ఉన్న 20 మంది మహిళల మీద నాలుగు వారాలు ప్రయత్నించి మంచి ఫలితం చూశారు. ఆశ కలిగించే అధ్యయనాలే, కానీ చిన్నవి. అతిమధురం మచ్చలను తుడిచేస్తుందని ఎవరైనా గట్టిగా చెబితే, ఆ మాట అధ్యయనాల నుంచి వచ్చింది కాదు.

మన ఆయుర్వేదానికీ ఇది కొత్త మూలిక కాదు. చరక సంహితలో వర్ణానికి మేలు చేసే పది ద్రవ్యాల వర్ణ్య గణంలో చందనం, మంజిష్ఠ, సుగంధిపాల పక్కనే మధుకం పేరిట అతిమధురం ఉంది. కుంకుమాది తైలంలోనూ పడుతుంది. ఆ తైలం తయారీలో కషాయాన్ని, ముద్దను నూనెతో కలిపి నీరంతా ఇగిరేదాకా కాస్తారు. అంటే నీటితో పాటు నూనెకూ వేరులోని సారాన్ని అందుకునే అవకాశం ఇచ్చారు. ఒట్టి కషాయం తీసి క్రీములో కలపడం వాళ్ల పద్ధతి కాదు.

ఇక మీరు కొన్న పొడి సంగతి. సీసా మీద '20 శాతం' అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ గ్లైసిరైజిన్ లెక్కే. కడుపులోకి తీసుకునే మందుల కోసం చేసే సారం అది. వేరులోని రంగు, చక్కెరలు, పిండిపదార్థం అన్నీ అందులో ఉంటాయి. నూటికి ఐదు పాళ్లు వేశారు గనుక మీ క్రీములోకి చేరిన గ్లైసిరైజిన్ ఒక శాతం. మిగిలిన నాలుగు శాతం రంగు, జిగురు, బూజుకు ఆహారం. అదే ఉపశమనం కోసం డైపొటాషియం గ్లైసిరైజేట్ 0.3 శాతం వేస్తే చాలు, క్రీము తెల్లగానే ఉంటుంది.

పొడి మీద '10:1' అని రాసి ఉంటే అసలు కొనకండి. పది కిలోల వేరు నుంచి ఒక కిలో సారం తీశామని మాత్రమే దానర్థం. ఆ కిలోలో ఏ పదార్థం ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. అంగట్లో దొరికే క్రీము డబ్బాల మీద కూడా ఇదే చిక్కు. నీటి సారం వేసినా, నూనెలో కరిగే సారం వేసినా పదార్థాల జాబితాలో చాలావరకు 'గ్లైసిరైజా గ్లాబ్రా రూట్ ఎక్స్‌ట్రాక్ట్' అన్న ఒకే పేరు కనిపిస్తుంది. అందుకే జాబితా చూసి నకలు చేయాలనుకుంటే దెబ్బ తింటాం. మొక్క పేరు చూసి కాదు, లోపలి పదార్థం పేరు, దాని శాతం చూసి కొనాలి. వీటికి సీఏఎస్ నంబర్లు, అంటే ఒక్కో రసాయనానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యలు ఉంటాయి. డైపొటాషియం గ్లైసిరైజేట్‌ది 68797-35-3, గ్లాబ్రిడిన్‌ది 59870-68-7. అమ్మకందారు ఇచ్చే కాగితం మీద ఈ నంబరు ఉందో లేదో చూడటం మీ మొదటి పని.

డైపొటాషియం గ్లైసిరైజేట్ తెల్లగానో, లేత పసుపుగానో ఉండే మెత్తటి పొడి. నీటిలో ఇట్టే కరుగుతుంది. 100 గ్రాముల క్రీముకు 0.1 నుంచి 0.5 గ్రాముల దాకా వేస్తారు. మీరు 0.3తో మొదలుపెట్టండి. ఒక గ్రాము మేర తూగే వంటింటి త్రాసు దీనికి పనికిరాదు. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు తప్పనిసరి. దీన్ని నీటి భాగంలో కలపాలి. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 7 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. పులుపు పెరిగితే గ్లైసిరైజిక్ ఆమ్లంగా మారి నీటి నుంచి విడిపోతుంది, ద్రవం మబ్బు పట్టి ఒక్కోసారి గడ్డలా తయారవుతుంది. అందుకే పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండే విటమిన్ సి సీరమ్‌లో దీన్ని కలపకూడదు. ఇంకో జాగ్రత్త: నీటిని, నూనెను కలిపి ఉంచడానికి మీరు వాడుతున్న ఎమల్సిఫైయర్ బీటీఎంఎస్ అనే రకమైతే మార్చండి. దానికి ధన విద్యుదావేశం, దీనికి రుణ విద్యుదావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే క్రీము విరిగే ప్రమాదం ఉంది. ఆవేశం లేని ఎమల్సిఫైయర్ ఏదైనా సరిపోతుంది.

కొన్న పొడి అసలుదో కాదో ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు. గాజు సీసాలో 100 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక గ్రాము పొడి కరిగించి, మూత బిగించి బాగా ఊపండి. గ్లైసిరైజిన్ సాపోనిన్ తెగకు చెందినది కాబట్టి పైన సన్నటి నురుగు కడుతుంది, త్వరగా దిగదు. తర్వాత అందులో నిమ్మరసం బొట్టుబొట్టుగా వేస్తూ చూడండి. తేటగా ఉన్న నీరు తెల్లగా మసకబారాలి. నురుగూ రాక, నిమ్మరసానికీ చలించకపోతే ఆ ప్యాకెట్‌ను వెనక్కి పంపేయండి. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు, పూర్తి నకిలీని పట్టుకోవడానికి మాత్రమే.

గ్లాబ్రిడిన్ విషయంలో ఓపిక కావాలి. 40 అంటే 40 శాతం గ్లాబ్రిడిన్, మిగతావి నూనెలో కరిగే ఇతర పదార్థాలు. పొడి పసుపు కలిసిన గోధుమరంగులోనో, ఇంకాస్త ఎర్రగానో ఉంటుంది. 90 శాతం పైబడినది తెల్లగా ఉంటుంది కానీ ధర ఇంకా ఎక్కువ. నేర్చుకునే దశలో 40 చాలు. దీన్ని నేరుగా క్రీములో చల్లితే గింజలు గింజలుగా మిగిలిపోతుంది. ఒక గ్రాము పొడిని తొమ్మిది గ్రాముల ప్రొపేన్‌డయాల్ అనే గ్లైకాల్‌లో గోరువెచ్చగా కరిగించి ముందుగా ఒక ద్రావణం చేసి పెట్టుకోండి. 100 గ్రాముల క్రీముకు ఆ ద్రావణం ఒక గ్రాము తీసుకుని, క్రీము కాస్త చల్లారాక కలపండి. అప్పుడు క్రీములో పొడి 0.1 శాతం, అసలు గ్లాబ్రిడిన్ 0.04 శాతం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 0.5 శాతంలో ఇది దాదాపు పన్నెండో వంతు. ఆ మోతాదు అందుకోవాలంటే 40 శాతం పొడి 1.25 గ్రాములు వేయాలి. ఖర్చు భరించలేరు, క్రీము రంగూ నిలవదు. అంగట్లోని చాలా ఉత్పత్తుల పరిస్థితీ ఇలాంటిదే. కాబట్టి గ్లాబ్రిడిన్ వేశాం కదా అని అద్భుతాలు ఎదురుచూడకండి. నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) 4 శాతంతో కలిపి వేస్తే, నా దృష్టిలో, డబ్బుకు తగిన విలువ దొరుకుతుంది. ఆ రెండూ ఉన్నప్పుడు పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య పెట్టుకోండి.

గ్లాబ్రిడిన్‌కు గాలి, వెలుతురు, క్షారం, ఇనుము పడవు. నాలుగింటిలో ఏది తగిలినా క్రీము క్రమంగా గులాబీకో, గోధుమకో తిరుగుతుంది. బోరు నీళ్లు వాడకుండా డిస్టిల్డ్ వాటర్ వాడటం, ఇనుము లాంటి లోహాలను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.1 శాతం వేయడం, గాలి చొరబడని పంపు సీసాలో నింపడం ఇందుకే. విటమిన్ ఇ కూడా ఇక్కడ కొంత అక్కరకొస్తుంది. మీరు ఉండేది ఖమ్మం. ఏప్రిల్, మే నెలల్లో గది వేడి ఎంతకు చేరుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. చేసిన ప్రతి కొత్త క్రీము నుంచి రెండు సీసాలు తీసి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వేడి తగిలే గదిలో చీకటిగా ఉండే అలమారాలో నెల రోజులు ఉంచండి. తర్వాత రెండింటినీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పూసి చూడండి. రంగులో, వాసనలో తేడా కనిపించకపోతేనే ఆ పాళ్లను నమ్మండి.

సబ్బుల్లో మాత్రం గ్లాబ్రిడిన్ వేయకండి, ఎంత తక్కువైనా సరే. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. గ్లాబ్రిడిన్ అక్కడ నిలవదు. నిలిచినా అర నిమిషంలో కడుక్కుపోయే సబ్బులో అంత ఖరీదైన పదార్థం దండగ.

అమ్మకందారులు మీ ముందు పెట్టే మరో రెండు పేర్లున్నాయి. స్టియరిల్ గ్లైసిరెటినేట్ అనేది గ్లైసిరెటినిక్ ఆమ్లానికి నూనెలో కరిగే రూపం. నీరు లేని బామ్‌లు చేసేటప్పుడు మంచిది, మీ క్రీముకు అక్కర్లేదు. లికోచాల్కోన్ ఎ అనేది మన అతిమధురంలోది కాదు, గ్లైసిరైజా ఇన్‌ఫ్లాటా అనే చైనా జాతి వేరులోది. జర్మనీకి చెందిన బయర్స్‌డార్ఫ్ సంస్థ యూసెరిన్ క్రీముల్లో ఎర్రదనానికి వాడేది అదే. మంచి పదార్థమే కానీ చిన్న తయారీదారులకు నమ్మకంగా దొరకడం కష్టం. 'నీటిలో కరిగే గ్లాబ్రిడిన్' అని ఎవరైనా అమ్మితే, దాన్ని వేరే పదార్థంలో పొదిగి ఇస్తున్నారన్న మాట. అందులో అసలు గ్లాబ్రిడిన్ ఎంత శాతమో అడిగి, ఆ లెక్కన ధర చూసుకోండి.

వేరు నుంచే పని మొదలుపెట్టాలని ఇంకా మనసులో ఉంటే ఒక హెచ్చరిక. మన దేశంలో అమ్మే అతిమధురంలో చాలా భాగం అఫ్గానిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా దేశాల నుంచి వస్తుంది. చేతులు మారేకొద్దీ కల్తీకి అవకాశం పెరుగుతుంది. గురివింద వేరును దీనికి బదులుగా కలపడం పాత అలవాటు. గురివింద గింజ విషమని పల్లెల్లో పిల్లలకూ తెలుసు. అసలు అతిమధురం పుల్లను విరిస్తే పైతోలు గోధుమగా, ముడతలు పడి, లోపల పసుపుగా, పీచుగా ఉంటుంది. పొడి చేసి అమ్మితే మాత్రం ఇవేవీ కనిపించవు.

అమ్మకందారును ఆ బ్యాచ్‌కు సంబంధించిన పరీక్షా పత్రం అడగండి. అందులో శాతాన్ని హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో, అంటే పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని కొలిచే పద్ధతిలో కొలిచారా అన్నది ముఖ్యం. విడదీయకుండా, అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసే యూవీ పద్ధతిలో కొలిస్తే గ్లాబ్రిడిన్‌తో పాటు పక్కనున్న ఫ్లేవనాయిడ్లు కూడా లెక్కలోకి వచ్చి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. సీసం, ఆర్సెనిక్, సూక్ష్మజీవుల లెక్క, మిగిలిపోయిన ద్రావణి ఎంత అన్నవి కూడా ఉండాలి. పత్రం మీది బ్యాచ్ నంబరు, మీకు వచ్చిన ప్యాకెట్ మీది నంబరు ఒకటేనా అని చూడండి. పత్రం ఇవ్వడానికి ఒప్పుకోని వాళ్ల దగ్గర, ఎంత చవకగా ఇచ్చినా, కొనవద్దు.

క్రీము మీద వచ్చిన నల్లటి చుక్కలు బూజు. ఇందులో ఏ సందేహమూ పెట్టుకోకండి, ఆ డబ్బాలు ఎవరికి ఇచ్చినా వెంటనే పారేయమని చెప్పండి. విటమిన్ ఇ నూనె కనరెక్కకుండా ఆపుతుందే గానీ బూజును, బాక్టీరియాను ఆపలేదు. నీరు ఉన్న ఏ క్రీముకైనా ప్రిజర్వేటివ్ కావాలి. ఫెనాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే ద్రవం సులువుగా దొరుకుతుంది, నూటికి ఒక పాలు వేస్తారు. ఫెనాక్సీఇథనాల్ యూరప్ నిబంధనల ప్రకారం ఒక శాతం దాటకూడదు. సహజమైనవే వాడాలన్న మీ పట్టుదల నాకు అర్థమవుతుంది. కానీ బూజు పట్టిన క్రీము కళ్ల దగ్గర రాసుకుంటే వచ్చే ఇన్‌ఫెక్షన్ ముందు ప్రిజర్వేటివ్ భయం చాలా చిన్నది.

మీ వదిన గారి విషయం. మంగు మచ్చలను ముందు చర్మవైద్యులకు చూపించమనండి. మంగు అనుకున్నది వేరే మచ్చ కావచ్చు, గర్భం, కొన్ని మాత్రలు కూడా కారణం కావచ్చు. మీ క్రీము కన్నా ముందు ఆమెకు కావలసింది రోజూ సన్‌స్క్రీన్. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ అయితే ఇంకా మేలు. అది లేకుండా గ్లాబ్రిడిన్ ఎంత రాసినా ఫలితం నిలవదు. వైద్యులు ఇచ్చిన మందులకు తోడుగా మీ క్రీము వాడవచ్చేమో వారినే అడగమనండి. ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. అరుదుగానైనా ఈ సారాలు కొందరికి పడవు. మూడు నెలల లోపు తేడా వెతకవద్దని కూడా చెప్పండి.

మచ్చ తగ్గించడం వేరు, మనిషి రంగు మార్చడం వేరు. 'వారంలో తెల్లబడే అతిమధురం పొడి' అని ఎవరైనా అమ్మితే దాన్ని ఇంటికి తేకండి. అంత త్వరగా పనిచేసే పొడిలో స్టెరాయిడో, హైడ్రోక్వినోనో, పాదరసమో కలిపి ఉండే అవకాశం ఎక్కువ. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు కేసులను 2023లో వైద్యులు బయటపెట్టారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. ఇంట్లో వాళ్ల ముఖానికి రాసేది కనుక ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

అమ్మకం గురించి: బంధువులకు ఉచితంగా ఇవ్వడం ఒకటి, డబ్బు తీసుకుని అమ్మడం మరొకటి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు తీసుకోవాలి. దానికి దరఖాస్తు సీఓఎస్-5, వచ్చే లైసెన్సు సీఓఎస్-8. తయారీ స్థలం, పరికరాలు, అర్హత గల సిబ్బంది అన్నీ చూస్తారు, వంటింటి నుంచి అది కుదరదు. ఇప్పటికే లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలో మీ పాళ్లతో చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి ఉంది, దానికి దరఖాస్తు సీఓఎస్-6. మీలాంటి వారికి ఇదే దగ్గరి దారి. ఫ్యాక్టరీ వాళ్లు మొదట అడిగేది మీ పాళ్ల పట్టిక, ప్రతి పదార్థానికీ పరీక్షా పత్రం, క్రీము ఎన్నాళ్లు నిలిచిందన్న రికార్డు. అందుకే ఈ రోజు చేసే చిన్న క్రీము నుంచే తేదీ, బరువులు, పీహెచ్, రంగు ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి. డబ్బా మీద 'మంగు నయమవుతుంది' అని మాత్రం ఎప్పుడూ రాయకండి. జబ్బు నయం చేస్తుందని చెబితే అది కాస్మెటిక్ పరిధి దాటి మందు పరిధిలోకి వెళ్తుంది, చట్టం కూడా అలాగే చూస్తుంది.

మిగిలిపోయిన గోధుమరంగు పొడి పారేయనక్కర్లేదు. ఒక చెంచా శనగపిండిలో చిటికెడు కలిపి, రాసుకునే ముందే పెరుగుతో తడిపి, పది నిమిషాల్లో కడిగేసుకునే ముఖపు పూతకు బాగానే ఉంటుంది. పొడి తడవకుండా గాజు సీసాలో ఉంచండి, ఒకసారి కలిపిన పూతను మర్నాటికి దాచవద్దు.